మెయిల్ లిస్టులో ఉలుకూ పలుకూ లేని వాళ్ళని గుర్తించి తీసేయడం ఎలా?

ఒడిశాలో బరంపురం పట్టుచీరల షాపుకైనా, పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు అమ్మేవాళ్ళకైనా, జయపురంలో కోచింగ్ సెంటర్ నడిపే మాస్టారికైనా నాలుగైదేళ్ళు పోయేసరికి ఒక మెయిల్ లిస్టు పోగవుతుంది. బిల్లు కౌంటర్ దగ్గర అడిగి రాసుకున్నవి, ఎగ్జిబిషన్‌లో చీటీల మీద జనం గిలికి ఇచ్చినవి, వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టినప్పుడు వచ్చినవి, అన్నీ ఒకే కుప్ప. పండక్కి మెయిల్ పంపితే అందులో చాలామంది ఉలకరు, పలకరు. తీసేద్దామండీ అంటే ఓనరుగారు అడ్డం పడతారు: "ఉంటే మనకేం పోయింది బాబూ, వాళ్ళేమైనా అన్నం పెట్టమంటున్నారా?"

పెట్టమంటున్నారనే చెప్పాలి. మెయిల్‌చింప్ లాంటి, గుంపుగా మెయిళ్ళు పంపిపెట్టే సర్వీసులు లిస్టులో ఎన్ని పేర్లున్నాయో చూసి నెలనెలా డబ్బు తీసుకుంటాయి, వాళ్ళు మెయిల్ చదివారా లేదా అన్నది వాటికి అనవసరం. బ్రెవో లాంటివి పంపిన మెయిళ్ళని బట్టి తీసుకుంటాయి కాబట్టి అక్కడ పలకని మనిషికి పంపే ప్రతి మెయిలూ దండగే. అయితే అసలు నష్టం డబ్బు కాదు. ఎవరూ పట్టించుకోని మెయిళ్ళు అదే పనిగా పంపుతుంటే మీ డొమైన్ (మీ మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) పరువు జీమెయిల్, యాహూల దగ్గర పలచనైపోతుంది, అప్పుడు నిజంగా చీర కొనాలని ఎదురుచూసే కస్టమర్‌కి కూడా మీ మెయిల్ స్పామ్‌లో పడుతుంది.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రెండూ పట్టు బిగించాయి. జీమెయిల్ అడ్రసులకి రోజుకి సుమారు 5,000, అంతకంటే ఎక్కువ పంపేవాళ్ళకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు) మూడూ ఉండాలి, ఒక్క క్లిక్‌తో ఆపుకునే వీలు ఉండాలి, స్పామ్ అని నొక్కేవాళ్ళ శాతం 0.3 లోపే ఉండాలి. 0.1 లోపు ఉంచుకోమని గూగుల్ సలహా. అంటే వెయ్యికి ఒకరు. పైగా గూగుల్ ఆ శాతాన్ని లెక్కకట్టేది మెయిల్ వాడుతున్న వాళ్ళ ఇన్‌బాక్స్‌కి చేరిన వాటి మీద. కాబట్టి "లిస్టు పెద్దదైతే శాతం తగ్గుతుందిలే" అనే లెక్క పనిచేయదు. మీరు రోజుకి రెండు వందలే పంపుతున్నా ఇవన్నీ పాటించడం మంచిది.

ఇక పనిలోకి వద్దాం.

మొదట కాపీ తీసి పెట్టుకోండి

లిస్టు మొత్తం సీఎస్‌వీ ఫైలుగా దించుకోండి. దాన్ని నేరుగా ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు, ఒడియా పేర్లు పిచ్చి గుర్తులుగా మారిపోవచ్చు, అలాగే సేవ్ చేస్తే పేర్లు పోయినట్టే. గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్ చేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. షీట్‌లో కనీసం ఈ గడులు కావాలి: లిస్టులో చేరిన తేదీ, ఎక్కడ చేరారు (కౌంటరా, వెబ్‌సైటా, ఎగ్జిబిషనా), ఆఖరిసారి లింకు నొక్కిన తేదీ, ఆఖరిసారి కొన్న తేదీ, ఏ భాషలో మెయిల్ వెళ్తోంది. ఆఖరిసారి ఓపెన్ చేసిన తేదీ కూడా ఉంచండి, కానీ దాన్ని నమ్మొద్దు. ఎందుకో కింద చెబుతాను.

తర్వాత బౌన్స్‌ల (చేరకుండా తిరిగొచ్చిన మెయిళ్ళ) పని పట్టండి

ఇది తేలిక, ఆలోచించాల్సింది పెద్దగా లేదు. అసలు ఆ అడ్రసే లేదని తిరిగొచ్చేది హార్డ్ బౌన్స్, రిపోర్టులో ఎక్కువగా 550 అనే నంబరు కనిపిస్తుంది. దాన్ని వెంటనే ఆపేయాలి. చాలా సర్వీసులు వాటంతట అవే ఆపేస్తాయి కూడా. తీసేముందు ఒకసారి అక్షరాలు చూడండి. కౌంటర్ దగ్గర తొందరలో కొట్టినవాటిలో జీమెయిల్ అన్న మాటనే తప్పుగా కొట్టినవి, చివర డాట్ కామ్‌కి బదులు డాట్ కాన్ పడినవి దొరుకుతాయి. అలాంటి వాళ్ళ ఫోన్ నంబరు బిల్లులో ఉంటే ఒక్క మెసేజ్ పెట్టి సరైన అడ్రస్ అడగొచ్చు. మీరే ఊహించి దిద్దేసి పంపకండి, అది వేరే ఎవరి అడ్రసో అయ్యుండొచ్చు.

సాఫ్ట్ బౌన్స్ అంటే తాత్కాలికంగా వెళ్ళలేదని. ఎక్కువగా కనిపించే కారణాల్లో ఒకటి మెయిల్‌బాక్స్ నిండిపోవడం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే ఫొటోలు, డ్రైవ్, మెయిల్ అన్నీ సర్దుకోవాలి, ఫోన్‌లో ఉన్న పెళ్ళి వీడియోలన్నీ అందులోకి వెళ్ళాక మెయిల్ రావడం ఆగిపోతుంది, ఆ సంగతి చాలామందికి తెలియనే తెలియదు. రెండు మూడు నెలలపాటు వరసగా సాఫ్ట్ బౌన్సే వస్తుంటే ఆ అడ్రస్‌నీ పక్కన పెట్టేయండి.

కాలేజీ ఇచ్చిన మెయిల్ అడ్రసులు వేరే చూడాలి. బరంపురంలో మెడికల్ కాలేజీ ఉంది, ఐసర్ ఉంది, యూనివర్సిటీ ఉంది, చదువుకోడానికి వచ్చిన పిల్లలు అమ్మకి చీర కొని కాలేజీ అడ్రసే ఇచ్చి వెళ్తారు. చదువు అయ్యాక ఆ అడ్రస్ ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పలేం. వ్యక్తిగత ఖాతాల్లోనూ ఇదే ముప్పు ఉంది: రెండేళ్ళు ముట్టుకోని గూగుల్ ఖాతాలని 2023 డిసెంబరు తర్వాత తీసేయవచ్చనే నియమం గూగుల్ పెట్టింది.

ఎవరు పలకనట్టు? ఓపెన్‌ని బట్టి తేల్చకండి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సర్వీసులో "ఆరు నెలలుగా ఓపెన్ చేయనివాళ్ళు" అని ఒక ఫిల్టర్ ఉంటుంది, నొక్కితే పేర్లు వచ్చేస్తాయి, సెలెక్ట్ ఆల్, డిలీట్, పని అయిపోయింది అనుకుంటారు. ఓపెన్ అయిందని తెలిసేది మెయిల్‌లో దాచిన ఒక కంటికి కనిపించని చుక్కబొమ్మ లోడ్ అవడం వల్ల. 2021 సెప్టెంబరులో ఐఫోన్ ఐఓఎస్ 15తో యాపిల్ మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ తెచ్చాక, యాపిల్ మెయిల్ యాప్‌లో దాన్ని ఆన్ చేసుకున్న వాళ్ళ మెయిల్‌లో ఆ బొమ్మని, మనిషి చూసినా చూడకపోయినా యాపిల్ సర్వర్లే ముందుగా తెచ్చుకుంటాయి. దాంతో చదవని మనిషి కూడా చదివినట్టు కనిపిస్తాడు. రెండో వైపు, బొమ్మలు లోడ్ కాకుండా ఆపుకున్నవాళ్ళు పూర్తిగా చదివినా చదవనట్టే లెక్క.

ఇంకొకటి మనకి ప్రత్యేకంగా తగులుతుంది. జీమెయిల్ దాదాపు 102 కేబీ దాటిన మెయిల్‌ని మధ్యలో కత్తిరించి "మొత్తం చూడండి" అని లింకు పెడుతుంది. చుక్కబొమ్మ సాధారణంగా మెయిల్ అడుగునే ఉంటుంది కాబట్టి కత్తిరింపులో అదీ పోతుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్ తీసుకుంటే తెలుగు అక్షర గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, ఒత్తు, గుణింతం విడివిడిగా లెక్క. ఒడియా కూడా అంతే. ఒకే మెయిల్‌లో తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడూ పెట్టి, పైన రంగురంగుల డిజైన్ టెంప్లేట్ తగిలిస్తే హద్దు దాటడం కష్టమేమీ కాదు. మీకే ఒక టెస్ట్ మెయిల్ పంపుకుని ఫోన్‌లో చివరిదాకా చూడండి.

అందుకే లెక్కలోకి తీసుకోవాల్సినవి: లింకు నొక్కడం, తిరిగి జవాబు రాయడం, కొనడం. క్లిక్‌లోనూ ఒక చిక్కుంది. కొన్ని ఆఫీసుల మెయిల్ సర్వర్లు వైరస్ పరీక్ష కోసం లింకులన్నీ అవే నొక్కి చూస్తాయి. మెయిల్ చేరిన కొన్ని క్షణాల్లోనే ఉన్న లింకులన్నీ నొక్కినట్టు వస్తే అది మనిషి పని కాదు.

కొనడం సంగతి మన ఊళ్ళలో ఇంకా గమ్మత్తు. మెయిల్‌లో చీర ఫొటో చూసి, స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో "ఇది ఉందా?" అని అడిగేవాళ్ళు బోలెడంత మంది. మెయిల్ సాఫ్ట్‌వేర్ లెక్కల్లో వీళ్ళు చచ్చినా కనిపించరు. కాబట్టి ఏ పేరైనా తీసేముందు బిల్లుల పుస్తకంలోని ఫోన్ నంబర్లతో షీట్‌ని పోల్చి చూడటం తప్పనిసరి, విసుగు పని అయినా సరే.

గడువు ఎంత పెట్టాలి?

ఆరు నెలలు అని అందరూ చెప్పే అంకె మన షాపులకి అతకదు. వారానికోసారి పంపేవాళ్ళకి ఆరు నెలలంటే పాతిక మెయిళ్ళు, అన్నిటికీ మౌనంగా ఉంటే అది జవాబే. నెలకి ఒకటి పంపేవాళ్ళకి ఆరు నెలలంటే ఆరే, దాంతో ఏం తేలుతుంది? నెలకి ఒకటి పంపేవాళ్ళు ఏడాదైనా ఆగాలి. ఈమధ్య మూడు నెలల్లో చేరినవాళ్ళని అసలు లెక్కలోకే తీసుకోకండి.

దీని మీద కొనుగోలు కాలం చూడాలి. తెలుగు ఇళ్ళలో పట్టుచీరలు కొనేది పెళ్ళి ముహూర్తాలకి, దసరాకి, సంక్రాంతికి. ఒడియా ఇళ్ళలో జూన్ నడిమిన వచ్చే రజ పండక్కి ఆడపిల్లలకి కొత్తబట్టలు. బరంపురంలో అయితే వీటన్నిటికీ మించి బుఢీ ఠాకురాణి జాతర, అది రెండేళ్ళకోసారి చైత్రంలో మొదలై వారాల తరబడి సాగుతుంది. సూరత్ మిల్లుల్లో పనిచేసే గంజాం వాళ్ళు, విశాఖలో, భువనేశ్వర్‌లో స్థిరపడిన వాళ్ళు ఆ జాతరకి ఊరొచ్చినప్పుడే షాపు మెట్లెక్కుతారు. గత జాతరకి కొని మళ్ళీ కనిపించని మనిషిని ఏడాది గడువు పెట్టి తీసేస్తే, వచ్చే జాతరకి మీరు పిలవాల్సిన మనిషినే పోగొట్టుకున్నట్టు. వాళ్ళకి "జాతర" అని ఒక ట్యాగ్ పెట్టి, మామూలు మెయిళ్ళు ఆపేసి, జాతరకి నెలా రెండు నెలల ముందు ఒకటి రెండు పంపితే చాలు. అప్పటికీ పలక్కపోతే తీసేయొచ్చు. అంత ఎడం తర్వాత పంపేటప్పుడు బౌన్స్‌లు ఎక్కువ రావచ్చు కాబట్టి కొద్దికొద్దిగా పంపండి.

పెళ్ళికి కొన్నవాళ్ళు వేరే రకం. ఒకేసారి పదీ పదిహేను చీరలు తీసుకుని వెళ్ళిన కుటుంబానికి మళ్ళీ ఇంట్లో పెళ్ళి వచ్చేదాకా మీతో పనిలేదు. వారం వారం మెయిల్ పంపి వాళ్ళని విసిగించి స్పామ్ నొక్కించుకోవడం కంటే ఏడాదికి రెండుసార్లు పలకరిస్తే మేలు.

మౌనం వాళ్ళదా, మీదా?

షీట్‌ని అడ్రస్ చివరి భాగాన్ని బట్టి విడగొట్టండి: జీమెయిల్ వాళ్ళు ఒకచోట, యాహూ ఒకచోట, రెడిఫ్, అవుట్‌లుక్ వేరుగా. జీమెయిల్ వాళ్ళు మామూలుగా నొక్కుతూ యాహూ వాళ్ళు మాత్రం ఒక నెల నుంచి మూకుమ్మడిగా మౌనమైపోతే, అంతమందికి ఒకేసారి మీ మీద కోపం రాదు కదా. మీ మెయిల్ అక్కడ స్పామ్‌లోకి వెళ్తోందని అర్థం. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సెట్టింగులు చూపించుకోండి, జీమెయిల్ వైపు పరిస్థితి తెలుసుకోడానికి గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ ఉచితంగానే ఉంది. రోగం మీ వైపు పెట్టుకుని కస్టమర్లని తీసేస్తే లాభం లేదు.

రెండో సంగతి లిపి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదువుకుని, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకి తెలియనిదా? కౌంటర్‌లో తెలుగులో మాట్లాడారు కదా అని మీరు తెలుగు లిస్టులో వేశారు, వాళ్ళు మెయిల్ చూసి బొమ్మలు దాటేసి మూసేస్తున్నారు. కొందరికి ఒడియాలో పంపితే బాగుంటుంది, కొందరికి ఇంగ్లిష్‌లో, ఇంకొందరు వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లిష్ అక్షరాలతో రాసుకున్నట్టే రాసి పంపమంటారు. తీసేసే జాబితాలో తెలుగు మెయిల్ వెళ్తున్నవాళ్ళే ఎక్కువగా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చివరిగా ఒకసారి అడగండి

ఇంత వడపోత అయ్యాక మిగిలిన పేర్లకి రెండు మెయిళ్ళు పంపండి, నడుమ వారం పది రోజులు వదిలి. మూడు పంపినా తప్పులేదు, కానీ మూడోది పంపాక పలికేవాళ్ళు చాలా తక్కువ. డిస్కౌంట్ ఎర వేయకండి, కూపన్ కోసం నొక్కి మళ్ళీ ఏడాది నిద్రపోయేవాళ్ళే వస్తారు. సూటిగా అడగండి. మొదటి మెయిల్ సబ్జెక్ట్ ఇలా పెట్టొచ్చు: "మా మెయిళ్ళు మీకు ఏ భాషలో పంపమంటారు?" లోపల పెద్ద అక్షరాలతో తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ అని మూడు బటన్లు, వాటి కింద "పండగలకి మాత్రమే పంపండి" అని ఒకటి, "ఇక వద్దు" అని ఒకటి. ఏ భాష పేరు ఆ భాష లిపిలోనే రాయండి, ఒడియా బటన్ ఒడియాలోనే ఉండాలి.

రెండోది ఇంకా పొట్టిగా:

"నమస్కారమండీ. చాలా కాలంగా మా మెయిళ్ళు మీరు చూస్తున్నట్టు లేదు. ఇంకా కావాలంటే కింద బటన్ నొక్కండి. నొక్కకపోతే ఈ నెలాఖరు తర్వాత పంపడం ఆపేస్తాం. ఎప్పుడు కావాలన్నా మళ్ళీ చేరొచ్చు, షాపులో చెప్పినా చాలు."

దీన్ని అందరికీ ఒకే రోజు గుమ్మరించకండి. లిస్టులో అందరికంటే చచ్చు అడ్రసులు ఉన్న గుంపు ఇదే కాబట్టి ఒకేసారి పంపితే బౌన్స్‌లు, స్పామ్ ఫిర్యాదులు కలిసి మీద పడతాయి. బాగా నొక్కేవాళ్ళకి మామూలు మెయిల్ వెళ్ళే రోజుల్లోనే రోజుకి వందా రెండొందల చొప్పున కలిపి పంపండి. ఐదారేళ్ళుగా ఒక్కసారి కూడా నొక్కని, కొనని అడ్రసులకైతే ఈ మెయిల్ కూడా వద్దు, నేరుగా తీసేయండి. పాతబడి వదిలేసిన అడ్రసులని స్పామ్ పంపేవాళ్ళని పట్టుకునే వలలుగా వాడటం ఉంది, స్పామ్‌హాస్ లాంటి సంస్థల బ్లాక్‌లిస్టులు అలాంటి వలల సమాచారం మీద కూడా నడుస్తాయి. అందులో పడితే బయటికి రావడం పెద్ద తలనొప్పి.

తీసేయడం అంటే డిలీట్ కాదు

ఇక్కడ మూడు పనులున్నాయి, ఒకదానికొకటి వేరు. అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తే పేరు ఉంటుంది, మెయిల్ వెళ్ళదు. ఆర్కైవ్ చేస్తే లెక్కలోంచి పక్కకి పోతుంది, చరిత్ర మాత్రం మిగులుతుంది. డిలీట్ చేస్తే చాలా సర్వీసుల్లో ఆ మనిషి గుర్తే ఉండదు, వచ్చే ఏడాది కౌంటర్ కుర్రాడు పాత ఎక్సెల్ ఫైలు మళ్ళీ ఎక్కిస్తే "వద్దు" అని నొక్కి వెళ్ళిన మనిషికి మళ్ళీ మెయిల్ వెళ్తుంది. అలాంటి వాళ్ళు ఈసారి మర్యాదగా అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కరు, స్పామ్ నొక్కుతారు. మెయిల్‌చింప్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్ళ పేర్లకీ డబ్బు పడుతుంది, ఆర్కైవ్ చేసినవాళ్ళకి పడదు, కాబట్టి అక్కడ ఆర్కైవ్ సరైన దారి. వేరే సర్వీసు వాడుతుంటే బిల్లింగ్ పేజీ ఒకసారి చదివి నిర్ణయించుకోండి. మా సమాచారం మొత్తం తుడిచేయండి అని కస్టమరే అడిగితే మాత్రం డిలీట్ చేయాల్సిందే. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం ఒప్పుకోవడం ఎంత తేలికో, ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలిగ్గా ఉండాలి.

ఆర్డర్ రసీదు, కొరియర్ ట్రాకింగ్ లాంటి మెయిళ్ళు ఈ లిస్టుతో ముడిపెట్టకూడదు. ప్రచారం మెయిళ్ళు ఆపేసిన మనిషి రేపు చీర కొంటే బిల్లు మెయిల్ వెళ్ళి తీరాలి.

తీసేశాక లిస్టు చిన్నదైపోయిందని ఓనరుగారు దిగులు పడతారు. మొత్తం పేర్ల సంఖ్య చూపించకండి, నెలకి ఎంతమంది నొక్కారు, మెయిల్ చూసి ఎంతమంది అడిగారు, ఎంత అమ్ముడైంది అన్నది చూపించండి. మిగిలినవాళ్ళకి మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడటం మొదలైతే ఆ అంకెలు తగ్గవు.

తర్వాత నుంచి ఇంత పని పెట్టుకోకుండా ఉండాలంటే చేరేటప్పుడే జాగ్రత్త పడాలి. కౌంటర్ దగ్గర అడ్రస్ రాసుకున్నాక ఒక నిర్ధారణ మెయిల్ వెళ్ళి, దానిలో బటన్ నొక్కితేనే లిస్టులో చేరేలా పెట్టుకోండి. భాష గడి తప్పకుండా ఉంచండి. బిల్లు కోసం ఇచ్చిన అడ్రస్‌ని అడక్కుండా ప్రచారం లిస్టులో కలపకండి, ఉలకని వాళ్ళు ఎక్కువగా వచ్చేది ఆ దారినే. బౌన్స్‌లు మూడు నెలలకోసారి చూస్తే సరిపోతుంది. పెద్ద వడపోత మాత్రం ఏడాదికి ఒకసారి చాలు, నన్నడిగితే దానికి భాద్రపదం మంచి సమయం: శ్రావణం అమ్మకాలు అయిపోయి ఉంటాయి, ముహూర్తాలు ఉండవు, దసరా మెయిళ్ళు మొదలయ్యేలోపు రెండు మెయిళ్ళూ పంపి తేల్చేసుకోవచ్చు.